పదివేలవ గడప

ఎర్రన్నపేట పురపాలక సంఘం వారు ఒకే ఇంటిని రెండుసార్లు పోగొట్టుకున్నారు. మొదటిసారి వాళ్ళే కూలగొట్టుకున్నారు. రెండోసారి అది వెళ్ళిపోతుంటే పదకొండు మంది సిబ్బందితో వెంటపడ్డారు. రెండూ నిబంధనల ప్రకారమే జరిగాయి గనక ఎవరినీ తప్పుపట్టడానికి వీల్లేదు.

ఆ ఇల్లు రొంగలి సన్నిబాబుది. సన్నిబాబు ముప్ఫై రెండేళ్ళు బస్సు నడిపాడు. అన్నేళ్ళూ ఒకటే రూటు. ఎర్రన్నపేట నుంచి జిల్లా కేంద్రం, జిల్లా కేంద్రం నుంచి ఎర్రన్నపేట. అంతకాలంలో తప్పు చేశావని ఒక్క మెమో అందుకోలేదు. కాగితం మీద స్టాంపు కనబడితే చాలు, చెప్పులు విడిచి చదివే మనిషి. రోడ్డు వెడల్పు కోసం ఇల్లు తీసేస్తామని నోటీసు వచ్చినప్పుడు, అందులో ఇంటి నంబరు తప్పు పడిందని తనే ఆఫీసుకు వెళ్ళి దిద్దించి మరీ వచ్చాడు. దిద్దిన నంబరు ప్రకారం ఇల్లు తీసేశారు. రోడ్డు మాత్రం వెడల్పు కాలేదు. టేపు ఎదుటి వరస నుంచి పట్టాల్సిందని ఆ తర్వాత తేలింది.

పరిహారం చేతికొచ్చాక సన్నిబాబు మళ్ళీ గోడల జోలికి పోలేదు. వేలంలో ఒక పాత స్కూలు వ్యాను కొన్నాడు. సీట్లు పీకించి మడత మంచం వేయించాడు. గ్యాసు పొయ్యికి గట్టు, నీళ్ళకు ట్యాంకు, దేవుడికి ఒక అర కట్టించాడు. వెనక స్టెప్నీ, జాకీ, జాకీ కింద వేసే రెండున్నర అడుగుల మద్ది చెక్క. బయట ఆగి వంట చేసుకునేటప్పుడు భార్య తవిటమ్మ ఆ చెక్క మీదే కూర్చునేది. ఇలాంటి దాన్ని క్యాంపర్ వ్యాన్ అంటారని, పట్నం కుర్రాళ్ళు లక్షలు పోసి కట్టించుకుని కొండలూ సముద్రాలూ తిరుగుతారని చూసినవాళ్ళు చెప్పారు. తవిటమ్మ బండిల్లు అని ఊరుకుంది.

ఆమె అడిగింది ఒక్కటే. బండికి గడప కావాలంది.

"బండికి గడపేటే? నవ్వుతారు."

"నవ్వనీ. గడప నేకపోతే అది ఇల్లెలగవుద్ది? లచ్చిమి ఏ పక్కనించి వొస్తాది, కిటికీలోంచా?"

ఆ గడప మామూలుది కాదు. తవిటమ్మ తండ్రి పేరున్న వడ్రంగి. ఒకే టేకు దుంగ నుంచి రెండు గడపలు చెక్కి, పెళ్ళిళ్ళప్పుడు పెద్దకూతురు పోలమ్మకొకటీ చిన్నకూతురు తవిటమ్మకొకటీ ఇచ్చాడు. ఇల్లు కూలగొట్టిన రోజున తవిటమ్మ ఏడవలేదు, తిట్టలేదు. బుల్డోజరు కుర్రాణ్ణి టీ తాగి రమ్మని పంపించి, ఆ పది నిమిషాల్లో గునపంతో గడప పెకలించుకుంది. ఇప్పుడు అదే గడపను ఆ కొసా ఈ కొసా కాస్త కోయించి, వ్యాను పక్క తలుపుకు నాలుగు బోల్టులతో బిగించారు. ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసి బొట్లు పెట్టేది. ఎక్కేవాడికీ దిగేవాడికీ బొటనవేలు దానికి తగిలేది. సన్నిబాబు బొటనవేలికైతే దానితో ముప్ఫై నాలుగేళ్ళ పరిచయం.

దసరా వెళ్ళిన మూడోరోజు పోలమ్మ దగ్గర నుంచి ఫోను వచ్చింది. ఆవిడ ఉండేది కొండ ఘాటీ దాటి, పక్క రాష్ట్రంలో. అక్కాచెల్లెళ్ళు చూసుకుని పదకొండేళ్ళయింది. లోకమంతా బస్సెక్కించిన సన్నిబాబుకు పెళ్ళాన్ని బస్సెక్కించడానికి సెలవు దొరకలేదు మరి.

"ఒలే తవిటీ, ఎడం కన్ను ఎల్లిపోయిందే. కుడి కన్నుకి దీపావళి దాకా గడువిచ్చినాడు డాట్రు. నీ మొకం ఓపాలి సూసీసి అట్టిపెట్టుకుంతాను. వొచ్చీ."

దూరం నూట ముప్ఫై కిలోమీటర్లు. సన్నిబాబు చేతికి నాలుగు గంటల పని. దీపావళికి పదిహేడు రోజులుంది. మర్నాడు శుక్రవారం. తవిటమ్మ తెల్లారకుండానే గడపకు పసుపు రాసి, దీపం పెట్టి, బండి ముందు ముగ్గేసింది. సన్నిబాబు తాళం తిప్పబోతుండగా వార్డు అధికారి భానోజీ, మెడలో గుర్తింపు కార్డుతో, చేతిలో ట్యాబుతో ఎదురొచ్చాడు.

అప్పట్లో ఎర్రన్నపేటలో గడపల గణన మహోత్సవం నడుస్తోంది. ఊళ్ళో పదివేల గడపలు తేలితే పురపాలక సంఘానికి ప్రథమ శ్రేణి హోదా వస్తుంది. కమిషనర్ వరదరాజులు గారికి పదోన్నతి వస్తుంది. ఒక్క అంతస్తే ఉన్న ఆఫీసుకు లిఫ్టు మంజూరవుతుంది. మూడుసార్లు లెక్కపెట్టారు. మూడుసార్లూ తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిదే వచ్చాయి. ఆ తగ్గిన ఒక్కటీ ఎక్కడ పోయిందో ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరూ పైకనలేదు.

భానోజీ పసుపు చూసి ఆగాడు. వంగి చూశాడు.

"ఏటమ్మా ఇది?"

"కనబడతన్నాది కదా బాబూ. గడప."

"లోపల పొయ్యుందా?"

"ఉంది."

"దీపం?"

"ఇప్పుడే ఎట్టినాను."

భానోజీ ఫోను తీసి, గొంతు తగ్గించి, "సార్, దొరికింది," అన్నాడు.

పావుగంటలో కమిషనర్ గారు స్వయంగా వేంచేశారు. చంకలో ఆకుపచ్చ అట్ట పుస్తకం. సన్నిబాబు బండి దిగి, అలవాటు ప్రకారం చెప్పులు విడిచి నిలబడ్డాడు. కమిషనర్ గారు పుస్తకం తెరిచి, ఊరందరికీ వినబడేలా చదివారు.

"గడప కలిగి, లోపల ఒక పొయ్యియు, ఒక దీపమును ఉన్న ప్రతి కట్టడమును గృహముగా పరిగణించవలెను. దానికి చక్రములు ఉండరాదని ఎక్కడా లేదు."

"అయ్యా, ఇది బండండి. ఇదిగో ఆర్సీ, ఇదిగో ఇన్సూరెన్సు."

"వాహనమే కావచ్చును సన్నిబాబు గారూ. వాహనత్వం గృహత్వానికి భంగకరం కాదు. ఒక వ్యక్తి కమిషనరుగానూ, అల్లుడుగానూ ఏకకాలంలో ఉండవచ్చును గదా."

అయితే ఇంటికి నంబరు కావాలి. ఆ వీధిలో నంబర్లన్నీ వరసగా ఉన్నాయి, మధ్యలో జాగా లేదు. సన్నిబాబు పాత నంబరును అప్పటికే రోడ్డుకిచ్చేశారు. ఏ వార్డులోనూ ఇమడని ఇంటికి ఏం చేయాలి? కొత్త వార్డు చేయాలి. ముప్ఫై మూడో వార్డు అక్కడికక్కడే పుట్టింది. ఎల్లలు: తూర్పున ముందు బంపరు, పడమర వెనక బంపరు, దక్షిణాన డ్రైవరు వైపు అద్దం, ఉత్తరాన గడప. విస్తీర్ణం నూట ఇరవై చదరపు అడుగులు. జనాభా ఇద్దరు. 33-1-1 అని రాసిన నీలం రేకు తెచ్చి, గడప ముందు అంచుకు రెండు మేకులతో కొట్టారు. చప్పట్లు కొట్టారు. తవిటమ్మకు శాలువా కప్పారు.

"మంచిదయ్యా," అంది తవిటమ్మ శాలువా మడత పెట్టి. "మరింక మేం ఎల్తాం. మా అప్ప ఎదురు సూస్తన్నాది."

చప్పట్లు ఆగిపోయాయి. పదివేలవ గడప ఊరు దాటితే మళ్ళీ తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది. కమిషనర్ గారు చాలాసేపు ఆలోచించారు. ఆయన మూర్ఖుడు కాదు. మూర్ఖుడైతే వెళ్ళొద్దనేవాడు, కథ అక్కడే అయిపోయేది. ఆయన తెలివైనవాడు.

"ఇల్లు కదలరాదని నియమం లేదు. ఇల్లు తన వార్డును దాటరాదు, అంతే. వార్డుకు ఎల్లలు బంపర్లు. ఇల్లు ఎంత దూరం పోయినా బంపర్లు దాటి పోలేదు. కావున ఇల్లు కదిలిననూ వార్డులోనే ఉన్నట్లు. వెళ్ళిరండి!"

సన్నిబాబు చేతులు జోడించాడు.

"అయితే," అన్నారు కమిషనర్ గారు, "వార్డు సిబ్బంది వార్డు నుంచి వంద గజాల్లోపు ఉండవలెను."

అలా బయల్దేరింది ముప్ఫై మూడో వార్డు. ముందు బండిల్లు. వెనక ట్రాక్టరు తొట్టిలో బల్ల, కుర్చీ, బీరువా, ఫైళ్ళ మధ్య భానోజీ, అదే వార్డు కార్యాలయం. దాని వెనక నీళ్ళ ట్యాంకరు. దాని వెనక చెత్త బండి. ఆ వెనక మోటారు సైకిలు మీద లైన్‌మాన్, అతని వెనక కూర్చున్నవాడి చేతిలో బల్బు బిగించిన వెదురు గడ. వార్డుకొక వీధిదీపం ఉండాలి గదా. వార్డు ఆఫీసు వేళల్లోనే కదలాలి గనక ఆ దీపం పగలంతా వెలిగేది. చీకటి పడ్డాక సిబ్బందికి డ్యూటీ ఉండదు గనక ఆర్పేసేవారు.

వార్డు రోడ్డుకు స్పీడ్ బ్రేకరు కూడా ఉండాలని రెండోరోజు గుర్తొచ్చింది. రబ్బరుది తెప్పించారు. ఇద్దరు మనుషులు దాన్ని మోసుకుని ముందు పరిగెత్తి రోడ్డుకు అడ్డంగా వేసేవారు. బండి గెంతి దాటేది. మళ్ళీ ఎత్తుకుని మళ్ళీ పరిగెత్తేవారు. ముప్ఫై రెండేళ్ళు బస్సు నడిపినా సన్నిబాబు నడుం ఇలా ఎప్పుడూ పట్టలేదు.

పదిన్నరకు బయల్దేరడం, ఒంటిగంటకు భోజనానికి ఆగడం, ఐదింటికి వార్డు మూసెయ్యడం. రెండో శనివారం, ఆదివారం సెలవు. ఉదయం ఆరు నుంచి ఆరూ ఇరవై దాకా కుళాయి వదిలేవారు. ట్యాంకు నిండినా వదిలేవారు, అది షెడ్యూలు. సాయంత్రం దోమల మందు పొగ. ఇంట్లోనే కొట్టాలి, ఎందుకంటే వార్డంతా ఇల్లే. రోజూ చెత్త బండివాడు వచ్చి తడిచెత్త, పొడిచెత్త వేరుగా అడిగేవాడు. ఇద్దరు మనుషుల ఇంట్లో చెత్తేముంటుంది? ఒకరోజు తవిటమ్మ దగ్గర ఏమీ లేకపోతే, సున్నా అని రాస్తే పైనుంచి అడుగుతారని అతను బతిమాలాడు. జాలిపడి ఒక మంచి అరటిపండు ఇచ్చింది.

"తొక్క సాలమ్మా."

"పండు నువ్వు తినీ. తొక్క మీ ఆఫీసుకిచ్చీ."

రోజుకు తొమ్మిది కిలోమీటర్లు. సాయంత్రం పోలమ్మ ఫోను చేసేది.

"ఎక్కడి దాకా వొచ్చినారే?"

"ఎక్కడికీ రానేదప్పా. వార్డులోనే ఉన్నాం."

ఏడోరోజు తవిటమ్మ ఇక ఉండబట్టలేక మొగుడి పక్కన సీట్లో వచ్చి కూర్చుంది.

"ఏవయ్యా. ఆళ్ళు భోజనం కాడ ఉన్నారు. ఇప్పుడు గేరేసినావంతే సాయంత్రానికి మా అప్ప ఇంటికాడుంతాం."

సన్నిబాబు స్టీరింగు మీద చేతులు పెట్టాడు. తీశాడు.

"ముప్ఫై రెండేళ్ళలో ఒక్క మెమో నేదే తవిటీ."

"మా అప్పకి ఒక్క కన్నే ఉందయ్యా."

ఆమె లేచి వెనక్కి వెళ్ళిపోయింది. ఆ పూట కూరలో ఉప్పు లేదు. అడిగే ధైర్యం సన్నిబాబుకు లేదు. తన మీద తనకే ఒళ్ళు మండింది. కానీ మండిన ఒళ్ళు కూడా నిబంధన ప్రకారమే మండుతుంది ఆయనకు. అందుకని సోమవారం అర్జీల దినాన ట్రాక్టరు తొట్టి దగ్గర వరసలో నిలబడ్డాడు. వరసలో ఆయనొక్కడే. అయినా భానోజీ టోకెను ఇచ్చి, నంబరు పిలిచి, అప్పుడు లోపలికి రమ్మన్నాడు.

"మీరు మా వెనక రావొద్దు బాబూ. అదే నా అర్జీ."

భానోజీ రసీదు ఇచ్చాడు. అర్జీని తగు చర్య నిమిత్తం సంబంధిత వార్డు అధికారికి పంపాడు. అంటే బల్లకు ఇటు నుంచి అటు వచ్చి కూర్చున్నాడు. చదివాడు. సాయంత్రానికి సన్నిబాబు ఫోనుకు సందేశం వచ్చింది: మీ సమస్య పరిష్కరించబడినది, సంతృప్తి చెందినచో ఒకటి నొక్కండి. సన్నిబాబు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు వెతికాడు. ఒకటి తప్ప వేరే అంకె ఇవ్వలేదు. నొక్కాడు.

ఇలా పదమూడోరోజుకు వార్డు ఘాటీ ఎక్కి సరిహద్దు చెక్‌పోస్టు చేరింది. రోడ్డుకు అడ్డంగా ఒక పసుపు గీత. గీతకు ఇవతల మన రాష్ట్రం, అవతల పక్క రాష్ట్రం. దీపావళికి నాలుగు రోజులుంది. పోలమ్మ ఊరు అక్కణ్ణుంచి ముప్ఫై కిలోమీటర్లు. గీత దాటుతుండగా వెనక నుంచి హారను మోగించుకుంటూ కమిషనర్ గారి కారు వచ్చి బండికి అడ్డంగా ఆగింది.

"ఆగండి! ఒక్క అంగుళం కదిలినా రాజ్యాంగ సంక్షోభం!"

సన్నిబాబు బ్రేకు వేశాడు. ముందు చక్రాలు సరిగ్గా గీత మీద ఉన్నాయి.

"ఇది వాహనం మాత్రమే అయివుంటే నాకు అభ్యంతరం లేకపోయెడిది," అన్నారు కమిషనర్ గారు రొప్పుతూ. "ఇది వార్డు. వార్డు అంటే రాష్ట్ర భూభాగం. ఇది అవతలికి పోయిన మరుక్షణం మన రాష్ట్ర విస్తీర్ణం నూట ఇరవై చదరపు అడుగులు తగ్గును. రాష్ట్రాన్ని తగ్గించే అధికారం ఒక పురపాలక కమిషనరుకు లేదు. పార్లమెంటుకు మాత్రమే ఉంది."

అంతలో అవతలి చెక్‌పోస్టు నుంచి టోపీ సర్దుకుంటూ ఒక అధికారి వచ్చాడు. సంగతి విని మొహం గంభీరం చేసుకున్నాడు.

"తగ్గుట మీ సమస్య. మాకు పెరుగుట సమస్య. పొరుగు రాష్ట్రపు భూభాగము, కార్యాలయముతో, వీధిదీపముతో, స్పీడ్ బ్రేకరుతో సహా మా భూభాగములోనికి ప్రవేశించుటను ఏమందురు? ఆక్రమణ అందురు. ఇప్పటికే ముందు చక్రములు ఎనిమిది అంగుళములు ఆక్రమించియున్నవి."

"చక్రములు వెనకకు తీసిన యెడల భూభాగమును వదులుకున్నట్లగును," అన్నారు కమిషనర్ గారు.

"ముందుకు తీసిన యెడల దండెత్తినట్లగును," అన్నాడు ఆ అధికారి.

ఇద్దరూ ఒకరికొకరు నమస్కారం పెట్టుకున్నారు. ఉన్నతస్థాయి సంయుక్త కమిటీ వేయాలని తీర్మానించారు. కమిటీకి రెండు నెలలు గడువు. అంతదాకా వార్డు గీత మీదే యథాస్థితిలో ఉండాలి. ట్రాక్టరువాడు ఇంజను ఆపేశాడు. లైన్‌మాన్ దీపం గడను రాళ్ళ మధ్య పాతాడు. చెత్త బండివాడు తడిచెత్త ఉందా అని అడిగాడు.

సన్నిబాబు డ్రైవరు సీట్లో కూర్చుని ఎదురుగా దిగుతున్న ఘాటీ రోడ్డు చూశాడు. ముప్ఫై కిలోమీటర్లు. గంట ప్రయాణం. రెండు నెలల తర్వాత ఆ రోడ్డున వెళ్ళి ఏం చూపిస్తాడు, ఎవరికి చూపిస్తాడు? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్క మెమో లేని బతుకు ఎందుకా అనిపించింది.

తవిటమ్మ బండి దిగి నేరుగా కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, నాకు సదువు నేదు. ఓ మాట సెప్పండి. గడపుంతేనే కదా ఇల్లు?"

"నిస్సందేహంగా."

"ఇల్లుంతేనే కదా వార్డు?"

"అంతే గదా తల్లీ."

"మీరు లెక్కెట్టింది గడపల్నా, ఇళ్ళనా?"

కమిషనర్ గారు పుస్తకం తెరిచారు. వేలు పెట్టి చదివారు. మళ్ళీ చదివారు. ఆయన మొహంలోకి దీపావళి నాలుగు రోజులు ముందే వచ్చింది.

"గడపల గణన! గృహముల గణన అని ఎక్కడా లేదు!"

"అయితే ఆ గడప ఊడదీసి, మీ నంబరు రేకుతో సహా మీ సేతులో పెట్టీస్తాను. పదివేలూ మీ కాడే ఉంతాయి. వార్డూ మీ కాడే ఉంతాది. గడప నేని బండి మాకిచ్చీండి. ఎల్లిపోతాం."

"తవిటీ!" అన్నాడు సన్నిబాబు. అది వాళ్ళ నాన్న చెక్కిన గడప అని చెబుదామనుకున్నాడు.

ఆమె ఆయన వైపు చూడలేదు. కొంగు బిగించి కమిషనర్ గారితో అంది, "ఒక్కటి బాబూ. గడప లేపీటప్పుడు మగాళ్ళు సూడకూడదు. సూత్తే ఆ ఊరికి కలిసి రాదు."

ఊరికి కలిసిరాకపోవడమంటే లిఫ్టు రాకపోవడం. కమిషనర్ గారు తక్షణమే నోటిమాటగా ఉత్తర్వు జారీ చేశారు. పదకొండు మంది సిబ్బందీ, ఇద్దరు అధికారులూ, సన్నిబాబూ పడమటి కొండ వైపు తిరిగి నిలబడ్డారు. అవతలి రాష్ట్రం అధికారి తనకు ఈ ఉత్తర్వు వర్తించదంటూనే ముందుజాగ్రత్తగా కళ్ళు మూసుకున్నాడు. వెనక స్పానరు చప్పుడు, సుత్తి చప్పుడు, మేకు ఊడిన చప్పుడు. ఒక్కో చప్పుడూ సన్నిబాబు లెక్కపెట్టుకున్నాడు. ఇల్లు కూలగొట్టిన రోజున ఏడవని మనిషి ఇప్పుడు లోపల ఒంటరిగా ఏం చేస్తోందో అనుకున్నాడు. నోటీసులో నంబరు దిద్దించింది తనేనని గుర్తొచ్చింది.

పావుగంటకు తవిటమ్మ తలుపు మూసి బయటికొచ్చింది. వాళ్ళు కప్పిన శాలువాలోనే చుట్టి, నిండా పసుపు రాసి, ముందు నీలం రేకు కొట్టి, చేతుల మీద పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చింది. కమిషనర్ గారు రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నారు. భానోజీ పంచనామా రాశాడు: ముప్ఫై మూడో వార్డు, ఒకటి, మంచి స్థితిలో ముట్టినది.

"తల్లీ, ఈ త్యాగాన్ని పురపాలక సంఘం మరువదు."

"మరిసిపోయినా పరవానేదు బాబూ," అంది తవిటమ్మ. వచ్చి ముందు సీట్లో కూర్చుంది. చెక్‌పోస్టు గొలుసు ఎత్తారు. స్పీడ్ బ్రేకరు లేని రోడ్డు మీద పదమూడు రోజుల తర్వాత సన్నిబాబు నాలుగో గేరు వేశాడు.

ఆమె మొహం చూడటానికి ఆయనకు సిగ్గేసింది. అయిదు వంపులు దిగాక వెనక చక్రం పంక్చరయింది. సన్నిబాబు దిగి, జాకీ తీద్దామని పక్క తలుపు లాగి లోపలికి కాలు పెట్టాడు.

బొటనవేలికి దెబ్బ తగిలింది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఎరిగిన దెబ్బ. వంగి చూశాడు. గోనెపట్టా కింద, నాలుగు బోల్టులతో, గడప ఎక్కడిదక్కడే ఉంది. ఆయన వేలు పట్టుకుని అలాగే కూలబడ్డాడు. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలియలేదు. కాసేపటికి లేచి వెనక అంతా వెతికాడు.

"తవిటీ! జాకీ ఉంది. జాకీ కింద సెక్కేదే?"

ముందు సీట్లోంచి తవిటమ్మ తల బయటపెట్టింది.

"మున్సిపాలిటీకిచ్చీసినాను."

ఆ రోజు సన్నిబాబు జాకీ కింద రాయి పెట్టి చక్రం మార్చాడు. చేస్తున్నంతసేపూ రెండు వైపులా చూశాడు, ఎవరైనా మెమో పట్టుకుని వస్తున్నారేమోనని. ఎవరూ రాలేదు. పని అయ్యాక వచ్చి తవిటమ్మ చెయ్యి పట్టుకుని, "నీ అంత డ్రైవర్ని నేను కాదే," అన్నాడు.

పోలమ్మ వాకిట్లోనే ఉంది. చెల్లెలి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, ఎండకు తిప్పి, మిగిలిన కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చూసింది. "ముసిలయిపోనావే," అని ఏడ్చింది. ఆ తర్వాత బండి దగ్గరికి తీసుకెళ్ళమంది. పక్క తలుపు తీసి, వంగి, చెల్లెలి గడపను ఆ కొస నుంచి ఈ కొస దాకా తడిమింది. మళ్ళీ వెళ్ళి తన ఇంటి గడప తడిమింది. రెండూ ఒకే దుంగవి. వేళ్ళకు ఆ సంగతి కళ్ళ కంటే బాగా తెలుస్తుంది. దీపావళి రోజున రెండు గడపల మీదా ఒకే వరసగా ప్రమిదలు పెట్టారు. పోలమ్మ అన్నీ లెక్కపెట్టింది, సరిగ్గా వచ్చాయి. వారం తర్వాత ఆమె కుడి కన్నూ మూతపడింది. "ఫర్నేదులే, సూసీసినాను కదా," అంది.

నెల తిరిగాక ఒక పేపరు ఎర్రన్నపేట నుంచి అటూ ఇటూ తిరిగి అక్కడికి చేరింది. సన్నిబాబు వరండాలో కూర్చుని అక్కాచెల్లెళ్ళకు పైకి చదివి వినిపించాడు. ముప్ఫై మూడో వార్డు రాష్ట్రంలోనే ఉత్తమ వార్డుగా ఎంపికైంది. సిబ్బంది పదకొండు మంది, జనాభా సున్నా, చెత్త సున్నా, ఫిర్యాదులు సున్నా. గతంలో వచ్చిన ఏకైక ఫిర్యాదు అదే రోజున పరిష్కరించబడినది, ఫిర్యాదుదారు సంతృప్తి వ్యక్తం చేసియున్నారు. మిగతా వార్డులు కూడా జనాభా విషయంలో దీనిని ఆదర్శంగా తీసుకోవాలని కమిషనర్ వరదరాజులు గారు కొత్త లిఫ్టు ముందు నిలబడి పిలుపునిచ్చారు. పక్కనే ఫోటో. మఖమలు దిండు మీద, దండ వేసిన జాకీ చెక్క. మధ్యలో జాకీ అడుగు నొక్కుకుపోయిన గుండ్రటి మచ్చ, చుట్టూ గ్రీజు. ఆ గుండ్రటి ముద్ర అనాదిగా వస్తున్న గృహచిహ్నమని నిపుణులు తేల్చారని, ఇకపై పురపాలక సంఘం ఉత్తరాలన్నిటి మీదా అదే ముద్ర ఉంటుందని కింద రాశారు.

పోలమ్మ పగలబడి నవ్వింది. సన్నిబాబు నవ్వలేదు. పేపరు మడిచి, లోపలికి వెళ్ళి, తెల్లకాగితమూ పెన్నూ తెచ్చుకుని కూర్చున్నాడు. ముప్ఫై రెండేళ్ళు ఏ ఆఫీసుకూ ఒక్క అబద్ధం చెప్పని మనిషి.

"ఏటి రాస్తన్నావు?" అంది తవిటమ్మ.

"నిజం రాసీస్తాను. అది గడప కాదు, జాకీ సెక్కని. ఆళ్ళకి తెలియాల కదే."

"రాయి," అంది తవిటమ్మ. పసుపు గిన్నె అందుకుని బండి వైపు నడుస్తూ అంది. "రాయి మరి. రేపటికల్లా జాకీ ఉన్న ప్రతి బండీ ఇల్లే అంతారు. లారీల్ని కూడా వొదల్రు."

ఘాటీ రోడ్డు మీద దిగుతున్న లారీల హారన్లు వినబడుతున్నాయి. సన్నిబాబు పెన్ను మూత పెట్టేసి, పసుపు కలపడానికి చెంబుతో నీళ్ళు పట్టుకుని ఆమె వెనకే వెళ్ళాడు.